తీరం నుంచి సేటు పడవకు: ‘తండేల్’ చిత్రంలో ఉత్తరాంధ్ర జాలరి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: 2025లో విడుదలైన ‘తండేల్’ చలనచిత్రం శ్రీకాకుళం జాలరుల వలసను ప్రేమకథగా, సరిహద్దు కథగా మలచింది. ఆ వలసకు మూలమైన పని సంబంధం కథనంలో ఎలా మరుగున పడిందో, అది కథానాయిక నిరాకరణలో మాత్రమే ఎలా మిగిలిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జాలరి, వలస, తండేలు, ఉత్తరాంధ్ర, తీరప్రాంత జీవనం.

ప్రవేశిక

2025 ఫిబ్రవరి 4న అరసవల్లి సూర్యనారాయణస్వామి సన్నిధిలో రథసప్తమి రాష్ట్ర పండుగగా జరిగింది. మూడు రోజుల తర్వాత, 7వ తేదీన, చందూ మొండేటి దర్శకత్వం వహించిన ‘తండేల్’ విడుదలైంది. శ్రీకాకుళం జిల్లా అనగానే పత్రికలలోనూ పుస్తకాలలోనూ మొదట కనిపించేవి అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం క్షేత్రాలే. అరసవల్లికి తూర్పున కొద్ది మైళ్ళలోనే సముద్రం ఉన్నా, దాని ఒడ్డున బతికే ఊళ్ళు ఆ చిత్రపటంలో అంచునే ఉండిపోయాయి. సాహిత్యంలోనూ దాదాపు ఇదే పరిస్థితి. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ (1964) మొదలుకొని ఉత్తరాంధ్ర కథ తన ప్రధాన శక్తిని పొలం మీద, అప్పు మీద, కొండ మీద వెచ్చించింది. సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లాకు ఇది చిన్న లోటు కాదు. ఒక వ్యాపార చిత్రం ఈ ఒడ్డును కథాస్థలంగా, ఈ యాసను కథానాయకుడి భాషగా స్వీకరించడాన్ని అందుకే తేలికగా తీసుకోకూడదు.

చిత్రానికి ఆధారం వాస్తవ సంఘటన. 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్ళిన ఉత్తరాంధ్ర జాలరులను పాకిస్తాన్ అధికారులు నిర్బంధించారు. ఏడాదికి పైగా కరాచీ జైలులో గడిపిన తర్వాత వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి స్వదేశం చేరారు.

‘తండేలు’ అనే మాట

చిత్రనామమే విమర్శకు మంచి ప్రవేశద్వారం. ‘తండేలు’ శ్రీకాకుళం ఒడ్డున పుట్టిన మాట కాదు. పశ్చిమ తీరపు మరాఠీ, గుజరాతీ నావికులు పడవ నడిపించే పెద్దను పిలిచే పేరది; అక్కడ ఇంటిపేరుగానూ ఉంది. తూర్పు తీరపు జాలరి కథకు పశ్చిమ తీరపు పదవి పేరు శీర్షిక కావడమే వలస ఎంత లోతుగా దిగిందో చెబుతుంది. ఈ తీరానికి వలస కొత్తదీ కాదు. ఒకప్పుడు ఇక్కడి కూలీలు రంగం వెళ్ళి ఓడరేవులో బరువులు మోశారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె బర్మీయులతో ఘర్షణగా మారి పలువురిని బలిగొన్నది. నాటి రంగం స్థానంలో నేడు వెరావల్ ఉన్నది.

సొంత ఒడ్డున వేట లాభం వాటాల లెక్కన పంచుకునేది: పడవకు ఇంత, వలకు ఇంత, మనిషికి ఇంత. వెరావల్‌లో పడవ సేటుది, జాలరి జీతగాడు. వేటకాలానికి ముందే ఇచ్చిన అడ్వాన్సు అతనిని ఆ పడవకు కట్టివేస్తుంది. తండేలు తన ఊరి నుంచే ఖలాసీలను కూడగట్టుకొని వెళ్తాడు. సేటుకు జవాబుదారీ అతడే. అంటే అతడు ఒకే సమయంలో ఊరికి పెద్ద, సేటుకు మేస్త్రీ. ఈ రెండు ముఖాల మధ్య నలిగే మనిషి గొప్ప పాత్ర కాగలడు. చిత్రం మాత్రం రాజును తోటివారు మెచ్చి ఎన్నుకున్న నాయకుడిగా నిలిపి, రెండవ ముఖాన్ని వదిలివేసింది. ఫలితంగా అతని సాహసం కనిపిస్తుంది, ఇరకాటం కనిపించదు. నాగచైతన్య శ్రమించి పట్టుకున్న యాసకు తగిన బరువు ఆ పాత్రకు అందకపోవడానికి కారణమిదే.

సత్య నిరాకరణ

చిత్రంలో అసలైన ప్రశ్న సాయిపల్లవి పోషించిన సత్యది. వేటకు వెళ్ళవద్దని ఆమె అంటుంది. మాట వినకుండా వెళ్ళినవాడి కోసం కూర్చోనని, వేరొకరిని పెళ్ళాడతానని తేల్చిచెబుతుంది. దీని విలువ తెలియాలంటే తకళి శివశంకర పిళ్ళై మలయాళ నవల ‘చెమ్మీన్’ (1956)ను గుర్తుచేసుకోవాలి. ఒడ్డున భార్య శీలవతిగా ఉంటేనే కడలిపై భర్త క్షేమంగా ఉంటాడన్న విశ్వాసం ఆ నవలకు వెన్నెముక. సముద్రపు ప్రమాదానికి బాధ్యత అక్కడ స్త్రీ శరీరంపై పడింది. సత్య ఆ బాధ్యతను తిరిగి పురుషుడి నిర్ణయంపై, అతను ఎంచుకున్న పనిపై పెడుతుంది. తీరప్రాంత స్త్రీ చిత్రణలో ఇది గుర్తించదగిన మలుపు.

అయితే ఆమె మాటను కథనం ప్రేమలో అలకగానే వింటుంది. తొమ్మిది నెలలు ఊరు వదిలితే తప్ప బతుకు ఎందుకు సాగదు, వందల మైళ్ళ సొంత తీరంలో పెద్ద పడవ కట్టే రేవు ఎందుకు లేదు అనే ప్రశ్నలు ఆమె నిరాకరణలోనే దాగి ఉన్నాయి. అవి కథను నడిపించవు. రాజు నిర్బంధం తర్వాత విడుదల కోసం తిరిగే సత్యలో పోరాటపటిమ ఉంది, కానీ ఆ పోరాటం ఢిల్లీతోనే. వెరావల్ సేటు వద్దకు కథ ఎప్పుడూ వెళ్ళదు.

గీత లేని సరిహద్దు

జైలు ఘట్టాలు చిత్రంలో బలహీనమైనవి. 370వ అధికరణ రద్దును విడుదలకు అడ్డంకిగా చూపడం వరకు సమంజసమే. ఆపై కథ దేశభక్తి నినాదాల వైపు ఒరిగిపోయింది. సర్ క్రీక్ వివాదం తేలకపోవడంతో ఆ జలాలలో ఉభయదేశాలు అంగీకరించిన సముద్ర సరిహద్దే లేదు. ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒడంబడిక 73వ అధికరణ ప్రకారం, ప్రత్యేక ఒప్పందం లేనిదే, ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపలవేట ఉల్లంఘనకు జైలుశిక్ష విధించరాదు. 2008 ఒప్పందాన్ని అనుసరించి ప్రతి జనవరి 1న, జూలై 1న ఇరుదేశాలూ ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. వాటిలో జాలరులకు విడిగా ఒక పట్టిక ఉంటుంది. పట్టుబడే పాకిస్తానీ జాలరి మన జైళ్ళలో ఇదే గతి అనుభవిస్తాడు. శత్రుత్వం కన్నా ఈ సామ్యం నాటకీయమైనది. జైలు గోడల లోపల దానికి చోటు ఇచ్చి ఉంటే చిత్రం ఉత్తరార్ధం మరోలా ఉండేది.

చిత్రం ప్రేమికుల కలయిక వద్ద ఆగింది. వర్షాకాలపు నిషేధం ముగిశాక, ఆగస్టులో, వెరావల్‌లో మళ్ళీ పడవలు కదులుతాయి. విడుదలై వచ్చిన ఖలాసీలలో ఎవరు అడ్వాన్సు తీసుకున్నారో, ఎవరు ఊళ్ళో నిలిచిపోయారో చిత్రం అడగలేదు.