తరగని శక్తి – తప్పని లెక్క

గాలి, ఎండ, నీరు ఎన్నటికిని తరగని శక్తి మూలములని ప్రతి విద్యార్థియు చదువుచున్నాడు. కాని అవి ఒక దేశపు అవసరములకు చాలునా, చాలవా అను ప్రశ్నకు పాఠ్యపుస్తకములలో సాధారణముగా సమాధానము దొరకదు. ఆ ప్రశ్ననే పట్టుకొని, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడైన డేవిడ్ మెకాయ్ 2008 లో వెలువరించిన గ్రంథము ‘సస్టెయినబుల్ ఎనర్జీ – వితౌట్ ది హాట్ ఎయిర్’. ఊకదంపుడు మాటలు కట్టిపెట్టి లెక్కకు రమ్మనుటయే ఈ పేరులోని భావము. గ్రంథకర్త 2016 లో మరణించెను. గ్రంథము మాత్రము నేటికిని అంతర్జాలమున ఉచితముగా లభించుచున్నది.

ఇందలి మొదటి గుణము ఒకే కొలత. బొగ్గును టన్నులలోను, పెట్రోలును లీటర్లలోను, విద్యుత్తును మెగావాట్లలోను చెప్పినచో వాటిని పోల్చుటకు వీలుండదు. అందుచే మెకాయ్ ఖర్చును, ఉత్పత్తిని కూడ ఒక మనిషికి, ఒక దినమునకు ఎన్ని కిలోవాట్-గంటలు అను లెక్కలో చెప్పెను. కిలోవాట్-గంట యనగా కరెంటు బిల్లులో కనిపించు యూనిట్టే. ఈ కొలతలో, దినమునకు 50 కిలోమీటర్లు పెట్రోలు కారు నడపువానికి 40 యూనిట్లు కావలెను. పనిలేని ఫోను చార్జరును గోడనుండి ఊడదీసినందువలన మిగులునది యూనిట్టులో నూరవ వంతు మాత్రమే. పొదుపులలో ఏది పెద్దది, ఏది పేరుకు మాత్రమే అను సంగతి ఇట్లు తేటపడును.

రెండవ గుణము, ప్రతి అంకెయు ఎట్లు వచ్చినదో చూపుట. గాలి శక్తి దాని వేగముయొక్క ఘనమును అనుసరించి యుండును. వేగము రెట్టింపైనచో శక్తి ఎనిమిది రెట్లగును. సెకనుకు 6 మీటర్ల వేగముతో వీచు గాలి, రెక్కలు తిరుగు వలయమున ప్రతి చదరపు మీటరు గుండ సుమారు 140 వాట్ల శక్తిని కొనిపోవును. మర అందులో సగమును గ్రహించుననుకొందురు. కాని ఒక మరకు మరియొకటి గాలిని అడ్డకుండుటకు, రెక్కల వ్యాసమునకు ఐదు రెట్ల దూరమున వాటిని నిలుపవలయును. కనుక నేలపై చదరపు మీటరుకు దక్కునది సుమారు 2 వాట్లే. బ్రిటనులో తలకు వచ్చు నేల 4,000 చదరపు మీటర్లు. అందు పదవ వంతును మరలకు విడిచినచో 400 × 2 = 800 వాట్లు, అనగా దినమునకు సుమారు 20 యూనిట్లు. పైని కారు ఖర్చులో ఇది సగమే! హైస్కూలు విద్యార్థి ఈ లెక్కను నల్లబల్లపై స్వయముగా చేయగలడు.

గ్రంథము అంతటితో నిరాశపరచి విడువలేదు. విద్యుత్ కారు అదే దూరమును దాదాపు ఐదవ వంతు శక్తితో పోవునని రెండవ భాగము తెలుపును. అనగా ఉత్పత్తి పెంచుట ఒక మార్గము, ఖర్చగు తీరును మార్చుట మరియొక మార్గము. గాలి నిలిచిన వేళకై శక్తిని నిల్వచేయు పద్ధతిని కూడ మెకాయ్ విడువక చర్చించెను. వేల్సులోని డినార్విగ్ కేంద్రమున, గిరాకి తక్కువైన వేళ నీటిని పై జలాశయమునకు తోడి, ఎక్కువైన వేళ క్రిందికి విడిచి టర్బైనులను త్రిప్పుదురు. శ్రీశైలము ఎడమగట్టు కేంద్రమునందలి 150 మెగావాట్ల యంత్రములు ఆరును ఈ సూత్రముననుసరించి నిర్మింపబడినవే.

ఇక లోపములు. ధరలను ప్రక్కనుంచి, భౌతికముగా ఏది సాధ్యమో ముందు తేల్చుట గ్రంథకర్త ఉద్దేశము. అది న్యాయమే. కాని ధరల ప్రస్తావన వచ్చిన తావుల సౌరఫలకములు మిక్కిలి ప్రియమైనవిగనే కనిపించును. ఎండను విద్యుత్తుగా మార్చు సామర్థ్యమును సౌరక్షేత్రముల లెక్కలో 10 శాతముగా గ్రహించెను. నేడు సాధారణ ఫలకములే 20 శాతమునకు చేరినవి. 2010 మొదలు 2020 వరకు పెద్ద సౌరకేంద్రముల విద్యుత్తు ఖరీదు ప్రపంచమున సగటున 85 శాతము మేరకు తగ్గినది. ఆ పుటలను నేడు సవరించుకొని చదువవలయును.

రెండవది లోపమనుటకంటె హద్దు అనుట తగును. ఇందలి అంకెలు బ్రిటనువి. రేయింబవళ్ళు, ఋతువులు కలిపి చూచినచో అచ్చట చదరపు మీటరు నేలపై పడు ఎండ సగటున 100 వాట్లు. తెలుగు నేలపై సుమారు 200. భారతదేశమున తలకు వచ్చు నేల మాత్రము సుమారు 2,300 చదరపు మీటర్లే. ఎండ రెట్టింపు, నేల సగమునకు కొంచెమెక్కువ. తలకు అగు శక్తి ఖర్చును బ్రిటనుకంటె చాల తక్కువ. కనుక మెకాయ్ సమాధానములను ఇచ్చట వల్లించుట పొరపాటగును. ఆయన పద్ధతికి మాత్రము ఏ దేశమైనను ఒకటే.

రేపు గాలిమరలకు, సౌరక్షేత్రములకు, జలాశయములకు నేల ఎంత విడువవలెనో నిర్ణయించు పౌరులు నేటి విద్యార్థులే. కావున ఉపాధ్యాయులు ఈ గ్రంథమును చదివి వినిపించుటతో ఆగక, గాలిని గూర్చిన అధ్యాయమునైనను తమ జిల్లా వైశాల్యముతో, జనసంఖ్యతో విద్యార్థులచేత తిరిగి లెక్క కట్టించుట మేలు.