లాగీకండి బాబూ!

మాడుగుల పేరు చెబితే ముందు హల్వా గుర్తొస్తుంది. గోధుమ పాలు చిక్కబడి నెయ్యి తేలేదాకా గరిటె వదలకుండా కూర్చునే ఓపిక అది. అంతే ఓపిక అడిగే పని అదే ఊళ్లో ఇంకోటుంది, దానికి పేరు రాలేదంతే: బిగుసుకుపోయిన కారు డోరు తెరవడం.

చోడవరం వైపు నుంచి పాడేరు ఘాట్ ఎక్కే బండ్లకు ఇదే దారి. ఘాట్ దుమ్ము, వానాకాలం తడి రెండూ డోరు సందుల్లో చేరతాయి. ఇక సంక్రాంతికొచ్చి కొడుకు వదిలివెళ్లిన కారు కవరు కింద నెలల తరబడి పడుంటే చెప్పక్కర్లేదు. గ్రీజు ఎండిపోయి బంకలా తయారవుతుంది.

షెడ్డు ముందు యజమాని బండికి కాలు తన్నిపెట్టి హ్యాండిల్ గుంజుతుంటే లోపల్నుంచి కేక వినబడుతుంది. "లాగీకండి బాబూ! ఇరిగిపోద్ది!" నిజమే. ఈనాటి హ్యాండిళ్లు చాలావరకు ప్లాస్టిక్కే.

మెకానిక్ మొదట పానా పట్టడు, ప్రశ్న వేస్తాడు. లోపల్నుంచి రావట్లేదా, బయట నుంచా? వెనక డోరు బయట నుంచి తెరుచుకుని లోపల్నుంచి రాకపోతే అది జబ్బే కాదు, చైల్డ్ లాకు. డోరు అంచున ఉన్న చిన్న మీట తిప్పితే సరి. (ట్యాక్సీల్లో ఆ మీటే ఉండకూడదని 2019 జూలై 1 నుంచి నిబంధన వచ్చింది. మహిళా ప్రయాణికుల భద్రత కోసం.)

రెండు వైపులా రాకపోతేనే అసలు కథ. డోరు లోపలి కొక్కెం బాడీకి బిగించిన కమ్మీని పట్టుకుంటుంది, ఆ కొక్కెం జారకుండా ఓ చిన్న నాలుక అడ్డం పడుతుంది. బయటికి గుంజేకొద్దీ కొక్కెం ఆ నాలుక మీద ఇంకా బిగుస్తుంది. అందుకే అతను డోరుకి నడుం ఆనించి లోపలికి నెడుతూ, రెండో చేత్తో హ్యాండిల్ మెల్లిగా ఎత్తుతాడు. రాకపోతే సందులో డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి టీ తాగుతాడు. నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన మందు కాబట్టి దానికా పేరు. 1953లో అమెరికాలో క్షిపణులకు తుప్పు పట్టకుండా తయారుచేశారు.

అప్పటికీ రాకపోతే డోర్ ప్యాడ్ విప్పాల్సిందే. చిక్కేమిటంటే, లాకు స్క్రూలు డోరు అంచున ఉంటాయి. డోరు తెరిస్తే తప్ప కనబడవు! కాబట్టి సీటు మీద వంకరగా కూర్చుని, ప్యాడ్ కొంత ఊడదీసి, ఆ సందులోంచి పొడవాటి స్క్రూడ్రైవర్ దూర్చి, కనబడని లాకు కడ్డీని చేతి గురుతుతో లాగుతాడు. టక్. తీరా చూస్తే తప్పు గోరంత ప్లాస్టిక్ క్లిప్పుది. అది విరిగితే హ్యాండిల్‌కీ లాకుకీ సంబంధం తెగిపోతుంది.

పెద్దవాళ్లకిది విసుగు. పిల్లలకు ప్రాణగండం. 2025 మే 18న విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కిన నలుగురు పిల్లలు, డోర్లు లాకు పడిపోయి ఊపిరాడక చనిపోయారు. దానికి నెల ముందే చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నారులు అలాగే పోయారు.

ఇంటి ముందు కారు ఆపితే లాకు వేసి, తాళం పిల్లలకు అందకుండా పెట్టండి. చైల్డ్ లాకు వెనక డోర్లకే ఉంటుంది కాబట్టి, ఇరుక్కుంటే ముందు సీట్లోకి దూకి డోరు తీయమనీ, రాకపోతే హారన్ మోగిస్తూనే ఉండమనీ ఇవాళే వాళ్లచేత ఓసారి చేయించి చూడండి.