ఫ్యూజ్ బాక్సు దగ్గర తెలిసే పనితనం

డ్యాష్‌క్యామ్ బిగించిన కారులో వైరు కంటికి కనబడిందంటే ఆ పని సగంలో వదిలేసినట్టే. విజయవాడ ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన ఎలక్ట్రికల్ మేస్త్రి పని చూడండి. అద్దం మీద కెమెరా వెలుగుతూ ఉంటుంది, దానికి కరెంటు ఎటునుంచి వస్తోందో బండి ఓనరుకే అంతుపట్టదు. సీలింగ్ అంచులో దూరి, ముందు పిల్లర్‌లో ఎయిర్‌బ్యాగ్ వెనకనుంచి దిగి, స్టీరింగ్ కింద ఫ్యూజ్ బాక్సు చేరే ఆ సన్నని వైరుకి నేను వీరాభిమానిని. ఎయిర్‌బ్యాగ్ ముందునుంచి లాగేస్తే చిటికెలో పని అయిపోతుంది. కానీ బండి గుద్దుకున్న రోజున బ్యాగ్ తెరుచుకునే దారికి వైరు అడ్డం పడుతుంది.

ఆటోనగర్ ఆసియాలోకెల్లా పెద్ద బండ్ల రిపేరు పేట అని బెజవాడవాళ్లు చెప్పుకుంటారు, నేనూ కాదనను. ఒకప్పుడు అక్కడికొచ్చే అంబాసిడర్ కారులో గాజు గొట్టం ఫ్యూజులు, పద్మినిలో పింగాణీవి ఉండేవి. తరవాత రంగురంగుల బ్లేడ్ ఫ్యూజులొచ్చాయి: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. చరిత్ర ఇంత చాలు.

అసలు విద్య స్లాటు ఎంచుకోవడంలో మొదలవుతుంది. కీ తిప్పితేనే కరెంటొచ్చే స్లాటు ఒకటి, ఎప్పుడూ ఉండే డైరెక్ట్ లైను ఒకటి. ఆపి ఉన్న బండిలోనూ కెమెరా పనిచెయ్యాలంటే రెండూ కావాలి, ఎర్త్‌తో కలిపి మూడు వైర్లు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజన్ కంప్యూటర్ స్లాట్ల జోలికి మంచి మేస్త్రి చచ్చినా పోడు. సిగరెట్ లైటర్ సాకెట్టు లాంటివాటినుంచే తీసుకుంటాడు. ఎర్త్‌కి పెయింటు మీద బోల్టు బిగించి చేతులు దులుపుకోడు, ఇనుము మెరిసేదాకా గీకుతాడు.

ఇక ఫ్యూజ్ ట్యాప్. స్లాటులో ఉన్న ఫ్యూజ్ తీసి అక్కడ దీన్ని గుచ్చితే పాత ఫ్యూజ్ కిందా కొత్తది పైనా కూర్చుంటాయి. కంపెనీ వైరింగ్‌ని ఎక్కడా కొయ్యక్కర్లేదు. ఇందులో ఒక కిటుకు ఉంది. ట్యాప్‌కి రెండు కాళ్లు. రెండు ఫ్యూజులకీ కరెంటు అందించే కాలు స్లాటులో బ్యాటరీనుంచి కరెంటొచ్చే వైపు పడాలి. తిప్పి పెట్టినా కెమెరా వెలుగుతుంది, అందుకే తప్పు ఎవరికీ తెలియదు. కానీ అప్పుడు కొత్త లోడు కూడా పాత ఫ్యూజ్ నెత్తినే పడుతుంది. ఫ్యూజ్ పీకేసి, కీ ఆన్ చేసి, రెండు రేకుల్లో కరెంటు ఏ రేకులో ఉందో చూసుకోవడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం పెట్టేవాడే మేస్త్రి.

కొత్త ఫ్యూజ్ ఎంతది? కెమెరా లాగేది ఒక ఆంపియరు కూడా ఉండదు, 2 లేదా 3 ఆంపియర్లది సరిపోతుంది. ఫ్యూజ్ ఉన్నది ముఖ్యంగా వైరు కాలకుండా చూడటానికి. సన్నని వైరుకి 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెడితే, షార్ట్ అయినప్పుడు ఫ్యూజ్‌కన్నా ముందు వైరే కాలవచ్చు.

ఈ మేస్త్రుల ఘనకార్యాల్లో ఒకటి చెప్పకుండా ఉండలేను. ఫ్యూజ్ వేసిన ప్రతిసారీ ఠప్పున పోతోంది, షార్ట్ ఎక్కడుందో తెలియదు. మామూలువాడు డబ్బాడు ఫ్యూజులు తగలేస్తాడు. గొప్పవాడు ఫ్యూజ్ స్థానంలో ఒక బల్బు కలుపుతాడు. షార్ట్ ఉన్నంతసేపూ బల్బు దేదీప్యమానంగా వెలుగుతుంది. కప్లర్లు ఒక్కొక్కటీ ఊడదీస్తూ వైరింగ్ కదుపుతూ పోతాడు. ఎక్కడ బల్బు ఆరిందో అక్కడ పట్టేశాడు దొంగని!

జాయింట్ల విషయంలో నాది క్రింపింగ్ పార్టీ. సోల్డరింగ్ అభిమానులు కోప్పడితే పడనివ్వండి. కరిగిన సీసం వైరు పోగుల్లోకి పాకి బిరుసెక్కిస్తుంది, బండి అదురుకి సరిగ్గా ఆ అంచు దగ్గరే వైరు తెగుతుంది. సరైన ప్లయర్‌తో నొక్కి, పైన స్లీవ్ వేడిచేసి బిగించిన జాయింటుకి సాటి లేదు.

ఇప్పుడు రోడ్డుకో యాక్సెసరీ షాపు. కుర్రాడు కంపెనీ వైరు తోలు బ్లేడుతో గీకి, రెండో వైరు మెలేసి, టేపు చుట్టేస్తాడు. మన ఎండలకి ఆ టేపు జిగురు కారి ఊడొస్తుంది. రెండు 55 వాట్ల ఫాగ్ ల్యాంపులు తొమ్మిది ఆంపియర్లకు పైగా లాగుతాయి. వాటికి రిలే వెయ్యకుండా డ్యాష్‌బోర్డు స్విచ్చిలోంచే లైను ఇచ్చేస్తాడు. వైరేమో రాగి పూత పూసిన అల్యూమినియం. బ్లేడుతో గీరితే తెల్లగా బయటపడుతుంది, ఆ లావు రాగి వైరు మోసే లోడు అది మొయ్యలేదు. ఫ్యూజ్ పోతే సిగరెట్ పెట్టెలోని తగరపు కాగితం చుట్టేవాళ్లనీ చూశాను. నడిరోడ్డు మీద బండి తగలబడితే అందరూ ఎండనీ బ్యాటరీనీ తిడతారు, ఈ చేతుల్ని మాత్రం ఎవరూ అడగరు.

తప్పు వాళ్లొక్కళ్లదే కాదు. లక్షలు పోసి బండి కొని, వైరింగ్ కూలి దగ్గర రెండు వందలకి బేరమాడేది మనమే. ఆటోనగర్‌లో పిల్లర్ ప్యానెల్ క్లిప్పులు విరక్కుండా విప్పే మేస్త్రికి ఆ పనికి గంటలు పడుతుంది. అతను అడిగినంత ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఏ స్లాటునుంచి లైను తీశాడో, ఎన్ని ఆంపియర్ల ఫ్యూజ్ వేశాడో, ఎర్త్ ఏ బోల్టుకి పట్టించాడో బిల్లు వెనక రాయించుకుని డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. రాయడానికి నసిగే షాపులో మాత్రం తాళాలు అడిగి తీసుకుని బండి బయటికి తియ్యండి.