జోసెఫ్ చక్రవర్తి భాషాశాసనము

ఆస్ట్రియాను ఏలిన రెండవ జోసెఫ్ విఫలుడగుటకు తొందరపాటే కారణమందురు. అది సగము మాట. 1781లో వెలువడిన మతసహన శాసనముగాని, బొహీమియా రైతుల దాస్యవిమోచనముగాని తప్పుపట్టదగినవి కావు. అసలు లోపము 1784 నాటి భాషాశాసనమున నున్నది.

హంగరీ కచేరీలలో అంతవఱకు లాటిను వాడుక. అది ఏ జాతికిని ఇంటినుడి గాదు, తొలగించుట సబబే. కాని దాని స్థానమున జోసెఫ్ నిలిపినది అచటి మజ్యరు గాదు, స్లొవాకు గాదు, జర్మను. సామ్రాజ్యమంతటికి ఒక్క భాష యున్నచో పరిపాలన సులభమగునని ఆయన తలంపు. జర్మను రానివానికి కొలువు లేదనుట వియన్నాకు నియమము. హంగరీ గుమాస్తాకు అది కూటి ప్రశ్న. ఫలితము విపరీతమయ్యెను: ఇంటినుడిని అంతగా పట్టించుకొనని ప్రభువర్గమే మజ్యరుకై గొంతెత్తెను. 1790 జనవరిలో, మరణమునకు కొలది వారముల ముందు, జోసెఫ్ హంగరీ శాసనములను చాలవఱకు ఉపసంహరించుకొనెను. మతసహనమును, రైతు విమోచనమును మాత్రము విడువలేదు.