దశమస్కంధంలో శిశువు ఎదుగుదల: స్వభావోక్తి దృష్టితో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

భాగవత దశమస్కంధంలోని శ్రీకృష్ణుని శైశవ వర్ణనలను మన విమర్శ సాధారణంగా లీల, వాత్సల్యం అనే రెండు మాటలతో ముగిస్తుంది. రెండూ సరైన మాటలే. కాని ఒత్తిగిలడం, పారాడడం, నడవడం వంటి శరీరచర్యలను కవి ఏ వరుసలో, ఎంత నిశితంగా చూశాడన్న ప్రశ్న వాటి చాటున మరుగుపడుతుంది. సంస్కృత మూలంలోని 7, 8 అధ్యాయాల ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వర్ణనలోని వరుస

శకటభంజనానికి సందర్భం 'ఔత్థానికం' అనే వేడుక. శిశువు తనంతట తాను ఒత్తిగిలినప్పుడు జరిపే వేడుకగా వ్యాఖ్యాతలు దీనిని వివరించారు. పాలకోసం ఏడుస్తూ పసివాడు కాళ్లు విసిరితే బండి తలకిందులవుతుంది. ఫలితం అద్భుతం, చర్య మాత్రం ప్రతి ఉయ్యాలలోనూ కనిపించేదే. 8వ అధ్యాయంలో బలరామకృష్ణులు చేతులూ మోకాళ్లూ ఆనించి బురదలో పారాడుతారు. మువ్వల సవ్వడికి మురిసి ఎవరి వెంటనో వెళ్లి, బెదరి తల్లుల దగ్గరకు చేరుతారు. దూడల తోకలు పట్టుకుంటే అవి వారిని ఈడ్చుకుపోతాయి. ఆ తరువాతే మోకాళ్లు ఒరుసుకోకుండా నడుస్తారు.

ఈ వివరాలు నేటి శిశు అధ్యయనాలకు దగ్గరగా ఉన్నాయి. కొత్తవారిని చూసి బెదరడం సాధారణంగా మొదటి ఏడాది రెండవ సగంలో, అంటే పారాడే వయసులోనే ప్రస్ఫుటమవుతుంది. వస్తువును పట్టుకోవడం ముందు, కావాలని వదలడం తరువాత అలవడతాయి. దూడ తోక పట్టిన పిడికిలి సడలకపోవడంలో ఈ తేడా కనిపిస్తుంది. తెలుగువారి ఇళ్లలో బిడ్డ బోర్లపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు పంచే ఆచారం కూడా ఇటువంటి గమనింపు నుండి పుట్టినదే.

అలంకారమా, అలంకార్యమా?

దండి అర్థాలంకారాలలో స్వభావోక్తికి మొదటి స్థానం ఇచ్చాడు. మమ్మటుడు దానిని నిర్వచిస్తూ పసిపిల్లల సహజచేష్టలనే ప్రధానంగా పేర్కొన్నాడు. కుంతకుడు మాత్రం స్వభావం అలంకార్యమే తప్ప అలంకారం కాదన్నాడు. ఈ ఘట్టాలకు కుంతకుని వాదమే ఎక్కువగా సరిపోతుంది. ఇక్కడ శిశుస్వభావం అద్భుతానికి తొడిగిన ఆభరణం కాదు. అద్భుతం నిలబడే నేల. పాలకోసం కాళ్లు తన్నుకోవడం నిజం కాకపోతే బండి కూలడంలో ఆశ్చర్యం మిగలదు.

అయితే ఒక చిక్కు ఉంది. పిల్లలు భయపడ్డారని మూలం చెప్పదు; అమాయకంగా భయపడినవారి 'వలె' తల్లులను చేరారంటుంది. ఆ ఒక్క మాటతో పసివాని భయం భగవంతుని నటన అవుతుంది. కవి కన్ను శిశువును చూసింది. సిద్ధాంతం ఆ చూపును వెనక్కు తీసుకుంది. ఈ ఘర్షణను లీల అనే మాటతో సర్దివేయడం విమర్శకు న్యాయం కాదు.

ముగింపు

ఈ పోలికలను చూపి ప్రాచీనులకు శిశుశాస్త్రం ముందే తెలుసునని తీర్మానించడం పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం చేతులూ మోకాళ్లపై పారాడడం 5.2 నుండి 13.5 నెలల మధ్య, ఆసరా లేని నడక 8.2 నుండి 17.6 నెలల మధ్య మొదలవుతాయి. సుమారు 4 శాతం పిల్లలలో అటువంటి పారాడడం అసలు కనిపించలేదు. కావ్యంలోని వరుస అందరు పిల్లలకూ వర్తించే నియమం కాదు. దానిని కొలబద్దగా తీసుకుంటే, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ తల్లికి కూడా అకారణమైన దిగులు మిగులుతుంది. కావ్యం ఇచ్చేది శాస్త్రం కాదు, శ్రద్ధ. ఆ శ్రద్ధను గుర్తించడమే ఈ ఘట్టాలపై విమర్శ చేయవలసిన మొదటి పని.