ఎర్ర బల్బు కింద

ఎమ్మెస్సీలో ఉండగా కప్ప కంట్లోంచి రెటీనా తీసే పని నాకు అప్పగించారు. ముందురోజు రాత్రే కప్పను చీకటి గదిలో ఉంచాలి. పొద్దున మనమూ అదే గదిలో అరగంట ఊరికే కూర్చోవాలి. మసక ఎర్ర బల్బు ఒక్కటే దిక్కు. మసక చీకట్లో చూపునిచ్చే కడ్డీ కణాలకు ఎరుపు దాదాపు ఆనదు, అందుకే ఆ బల్బు.

కంటిగుడ్డును నడిమికి కోసి, వెనక సగంలోంచి రెటీనాను కుంచె కొసతో మెల్లగా లేపాను. తడి ఉల్లిపొరలా ఉంది. గాజుపలక మీద పరిచి తలుపు తీశాను. గులాబీ ఎరుపు! చూస్తుండగానే పసుపుకు తిరిగింది, ఆపైన ఏ రంగూ లేకుండా పోయింది. 1876లో శాస్త్రవేత్త ఫ్రాంజ్ బోల్ చూసిందీ ఇదే.

ఆ ఎరుపు రొడాప్సిన్ అనే ప్రోటీన్‌ది. విటమిన్ ఎ నుంచి తయారైన రెటినాల్ అనే చిన్న అణువు అందులో వంపు తిరిగి ఒదిగి ఉంటుంది. కాంతి కణం ఒక్కటి తగిలితే ఆ వంపు తిన్ననవుతుంది. కాంతి చేసే పని అంతే. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, ఒక ముక్కలో ఐదో వంతు సేపట్లో అయిపోతుంది. తక్కినదంతా ప్రోటీన్ పనే. సాగిన అణువుకు చోటివ్వడానికి తన ఆకారం మార్చుకుంటుంది, పక్కనున్న ప్రోటీన్లను తట్టి లేపుతుంది, చివరికి కణం పొరలోని సన్నటి దారులు మూసుకుంటాయి. చీకట్లో ఎడతెగకుండా పారే విద్యుత్తు వెలుగు పడగానే తగ్గుతుంది. ఆ తగ్గుదలే మెదడుకు అందే కబురు. పాఠ్యపుస్తకాలు దీన్ని రెండు బాణం గుర్తులతో దాటేస్తే నాకు ఇప్పటికీ బాధే.

పోయిన రంగు తిరిగి రావడానికి మాత్రం చాలాసేపు కావాలి. తిన్ననైన రెటినాల్ ప్రోటీన్‌ను వదిలి, రెటీనా వెనకున్న నల్లటి పొరను చేరి, అక్కడ మళ్లీ వంపు తిరిగి రావాలి. ఎండలోంచి మ్యాట్నీకి వెళ్లి కుర్చీలు తడుముకునేది అందుకే. ఒంట్లో విటమిన్ ఎ చాలకపోతే రేచీకటి. దానికి మేక కార్జం పెట్టమనేది మా అమ్మమ్మ. కార్జం నిండా ఆ విటమినే.

వెలిసిపోయిన రెటీనాను ఆ నల్లపొర మీద తిరిగి పరిచి చీకట్లో ఉంచితే ఎరుపు మళ్లీ వస్తుందని హైడెల్‌బర్గ్‌లో విల్లీ క్యూనె అనే శాస్త్రవేత్త చూపించాడు. మేమూ చేశాం. రెండుసార్లు పొర చిరిగింది. మూడోసారి గంటసేపు కదలకుండా కాశాం. ఎర్ర వెలుతురులో ఆ ఎరుపు తెలియదు. చూడాలంటే తలుపు తీయాలి, తీస్తే అది పోతుంది. ఓరగా తీసి ఒక్క క్షణం చూశాను. లేత గులాబీ. వెంటనే తలుపు మూసేశాను.