బయాప్సీ రిపోర్టు వెనుక చేతులు

బయాప్సీ రిపోర్టు మీద సంతకం పాథాలజిస్టుది. దానికి ముందు స్లైడు తయారుచేసే పనిలో చాలా భాగం హిస్టాలజీ టెక్నీషియన్‌ది. రోగికి వాళ్ల పేరు కూడా తెలియదు. నాకు మాత్రం ఆ పనంటే ఎనలేని గౌరవం.

ఫార్మలిన్‌లో ఊరిన ముక్కలోంచి నీటిని తీసేసి, కరిగిన మైనం ఎక్కించి, దిమ్మగా పోస్తారు. దాన్ని మైక్రోటోమ్‌కు బిగించి చక్రం తిప్పితే, 4, 5 మైక్రాన్ల మందాన పొరలు ఒకదాని అంచు పట్టుకుని ఒకటి రిబ్బనులా వస్తాయి. బ్లేడు అంచుకు గంటు పడితే పొర మీద గీతలు పడతాయి. దిమ్మ తగినంత చల్లగా లేకపోతే పొర నలుగుతుంది. ఆ రిబ్బనును గోరువెచ్చని నీటి మీదికి మెల్లగా దించి, ముడతలు విచ్చుకున్నాక స్లైడు మీదికి ఎత్తుకోవాలి. గట్టిగా ఊపిరి వదిలినా చెదిరిపోయేంత పలుచన!

తర్వాత రంగులు. హెమటాక్సిలిన్‌తో కేంద్రకాలు నీలి ఊదాకు, ఇయోసిన్‌తో మిగతా భాగం గులాబీకి తిరుగుతాయి. కణాలు ఒత్తుగా వరుస కట్టి, ఒక పక్క ఖాళీగా ఉంటే ఉపకళ. దూరదూరంగా ఉండి మధ్యలో పోగులుంటే సంయోజక కణజాలం. అసలు నేర్పు కండరం దగ్గర కనబడుతుంది. అడ్డచారలుండి, కేంద్రకాలు అంచుకు జరిగితే అస్థి కండరం. చారలున్నా కొమ్మలేసి, కేంద్రకం నడుమ ఉంటే గుండెది. చారలే లేక రెండు కొసలూ సన్నబడితే పేగు గోడలాంటి చోటిది.

పొర ముడతపడితే ఈ తేడాలు పోల్చుకోవడం కష్టం. అందుకే మంచి టెక్నీషియన్ బాగా రాని పొరను పక్కన పడేసి, మళ్లీ చక్రం తిప్పుతారు.